ఎవరూ ఎత్తుకోని ప్రయాణం

నేను అమీర్‌పేటలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో పనిచేస్తాను. పెద్ద ఆఫీసేం కాదు. రెండు టేబుళ్లు, ఒక ఏసీ, గోడ మీద తిరుపతి, షిరిడీ, కేరళ పడవల ఫొటోలు. టికెట్లు బుక్ చేయడం, హోటళ్లతో మాట్లాడటం, కుటుంబాలకి టూర్లు వేసిపెట్టడం నా పని. మాది తెనాలి దగ్గర. పెళ్లయి హైదరాబాద్ వచ్చాక ఈ పనిలో చేరాను, ఇక మారలేదు.

మా ఆఫీసు మొదటి అంతస్తులో ఉండేది. లిఫ్టు లేదు. మెట్లకి అటూ ఇటూ కోచింగ్ సెంటర్ల బోర్డులే. ఒక మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుంటుంటే ఫోన్ వచ్చింది.

"మేడం, నేను మీ ఆఫీసు కిందనే ఉన్న. జర కిందికి వస్తరా? నేను పైకి రాలేను."

దిగి వెళ్లాను. జ్యూస్ బండి పక్కన, వెనక రెండు అదనపు చక్రాలున్న స్కూటీ మీద ఒకావిడ కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటాయి. నీలం కాటన్ చీర, జడ, మెడలో ఐడీ కార్డు. మడతపెట్టిన వీల్‌చెయిర్ స్కూటీకి వెనక కట్టి ఉంది. ఆ స్కూటీని నేను ఆ సందులో రోజూ చూస్తూనే ఉన్నాను. నాలుగు షాపుల అవతల ఉన్న కోచింగ్ సెంటర్లో ఆవిడ పిల్లలకి అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ నేర్పిస్తుందని అప్పుడే తెలిసింది.

"మా అమ్మను వైజాగ్ తీస్కపోవాలె. ఆడికెల్లి అరకు రైలు ఎక్కించాలె. ఇద్దరమే. ఒక్క షరతు మేడం. నన్ను ఎవ్వరూ ఎత్తొద్దు. అమ్మ అసలే ఎత్తొద్దు."

ఇలాంటివి నేను ఎన్నో చేశాననుకున్నాను. పెద్దవాళ్లని తీర్థయాత్రలకి పంపేటప్పుడు స్టేషన్లో కుర్చీ, హోటల్లో ఇద్దరు మనుషుల్ని మాట్లాడిపెడతాం. అదే చెప్పాను. "దానికేముందండీ, హోటల్లో బాయ్స్ ఉంటారు. జాగ్రత్తగా ఎత్తి రూములో దింపుతారు."

ఆవిడ విసుక్కోలేదు. క్లాసులో అర్థంకాని పిల్లకి మళ్లీ చెప్పినట్టు చెప్పింది. "ఎత్తెటోళ్లు ఎక్కడైనా దొరుకుతరు మేడం. పుట్టినప్పటి సంది ఎవరో ఒకరు ఎత్తుతనే ఉన్నరు. నాకు ఎత్తే పనే లేని జాగ కావాలె."

ఆవిడకి ఊహ తెలియకముందే పోలియో వచ్చింది. రెండు కాళ్లూ పనిచేయవు. తండ్రి చాలా ఏళ్ల కిందటే పోయాడు. బల్కంపేటలో రెండు గదుల ఇల్లు, తల్లీ కూతురూ. పొద్దున మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూంలోకి, సాయంత్రం మళ్లీ వెనక్కి, అన్నిటికీ తల్లే ఎత్తాలి. ఇప్పుడు ఆ తల్లికి అరవై అయిదు పైనే. నడుం నొప్పి. డాక్టరు బరువులు ఎత్తొద్దన్నాడు. ఆమె ఆ మాట కూతురికి చెప్పకుండా దాచింది. కూతురికి తెలుసన్న సంగతి తల్లికి తెలియదు.

"అమ్మ ఏడికీ పోలే," అంది. "నన్ను ఇడిసిపెట్టి పోదు. నాతోని పోతే నన్ను ఎత్తాలె. గందుకే ఇద్దరం ఇంట్లనే ఉన్నం. ఆమె పని చెయ్యకుండ కూసొని కిటికీలకెల్లి బయటికి చూడాలె. గదే నా ప్లాన్."

మరుసటి రోజు నుంచి ఇద్దరం మొదలుపెట్టాం. ఆవిడ క్లాసులయ్యాక ఫోన్ చేసేది. నేను కిందికి దిగేదాన్ని. జ్యూస్ బండి దగ్గరే మా మాటలన్నీ. నేను వైజాగ్ హోటళ్లకి ఫోన్ చేసి, "వీల్‌చెయిర్ వెళ్తుందా అండీ?" అని అడిగేదాన్ని. అందరూ వెళ్తుందనే అన్నారు. ఒకాయన చాలా మర్యాదగా, "తప్పకుండా మేడం, ముందు మూడు మెట్లుంటాయి అంతే," అన్నాడు. ఇంకొకాయన లిఫ్టు ఉందన్నాడు, అది మొదటి అంతస్తు నుంచి మొదలవుతుందని చివర్లో చెప్పాడు.

కోచింగ్ పిల్లలు పిలిచినట్టే నేనూ ఆవిడని మేడం అనేదాన్ని. ఇవన్నీ చెబితే మేడం నవ్వింది. "ఉందా అని అడిగితే ఉందనే అంటరు అక్కా. వాళ్లు అబద్ధం చెప్తలేరు. వాళ్లకు ఎన్నడూ పని పడలే. చూపించమని అడుగు."

అప్పటికే నన్ను అక్కా అంటోంది. ఆవిడ చెప్పిన ఉపాయం ఇది. వీడియో కాల్ చేయాలి. హోటల్లో కింద చక్రాలూ పక్కన చేతులూ ఉన్న ఆఫీసు కుర్చీ ఒకటి తెప్పించి, గేటు దగ్గర్నుంచి రూము దాకా, రూములోంచి బాత్రూంలోకి నెట్టించి చూపించమనాలి. ఆ కుర్చీ వెడల్పు దాదాపు ఆవిడ వీల్‌చెయిర్ అంతే ఉంటుంది. ఇలా అడిగితే వాళ్లు విసుక్కుంటారేమోనని నాకు మొహమాటంగా ఉండేది. విసుక్కోలేదు. ఒక హోటల్ మేనేజర్ కుర్చీని బాత్రూం తలుపులో ఇరికించుకుని, ముందుకీ వెనక్కీ కదల్లేక, తనే నవ్వేశాడు. "ఇన్నేళ్ల నుంచి ఉంటున్నానండి, ఈ తలుపు ఇంత ఇరుగ్గా ఉందని చూసుకోలేదు," అన్నాడు. చివరికి బీచ్ రోడ్డుకి కొంచెం లోపలున్న ఒక హోటల్లో కుర్చీ బాత్రూంలోకి సాఫీగా వెళ్లింది. ఆ మేనేజర్ అందులో కూర్చుని ఒక చుట్టు తిరిగి కూడా చూపించాడు. మేడం ఫోన్లోంచి ఆయనకి దణ్ణం పెట్టింది.

హోటలు దొరికింది కానీ అసలు సమస్య అది కాదు. కుర్చీలోంచి మంచం మీదికి ఎవరూ ఎత్తకుండా ఎలా వెళ్తుంది? అది అడిగితే, "శనివారం నాతోని పంజాగుట్ట రా, చూపిస్త," అంది.

పంజాగుట్టలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌కి తీసుకెళ్లింది. అక్కడ ఆవిడకి నున్నటి చెక్క పలక ఒకటి ఉంది, మూరన్నర పొడవు, అంచులు గుండ్రంగా. పలక ఒక కొన తొడ కిందికి తోసింది, ఇంకో కొన మంచం మీద ఆనించింది. రెండు చేతుల మీద బరువు వేసి, తల ఒక పక్కకి వంచి, నడుము రెండో పక్కకి జరిపింది. ఇంకోసారి. ఇంకోసారి. మంచం మీద ఉంది. నుదురంతా చెమట. వెనక్కి తిరిగి అదే దారిన కుర్చీలోకి వచ్చింది. నాలుగు నెలల నుంచి క్లాసులయ్యాక ఇక్కడికి వచ్చి నేర్చుకుంటోందట.

"ఇంట్లో చెయ్యొచ్చు కదండీ," అన్నాను.

"అమ్మ చెయ్యనియ్యదు."

ఎందుకో అప్పుడు చెప్పింది. పదో తరగతిలో ఉండగా ఒకరోజు తనంతట తాను బాత్రూంలోకి వెళ్లబోయి పడింది. తల పగిలింది. తల్లి అప్పుడు సనత్‌నగర్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీలో పనిచేసేది. షిఫ్టు అయ్యి ఇంటికొచ్చేసరికి పిల్ల నెత్తురులో ఉంది. ఆ తర్వాత ఆమె మళ్లీ ఫ్యాక్టరీకి పోలేదు. ఇంటి దగ్గరే నాలుగిళ్లకి వంట చేసి పెట్టి, పిల్లని ఎత్తి దింపుతూ, చదివించింది. "ఆమె భయం నాకు తెలుసు అక్కా. నోటితోని చెప్తే పోయేది కాదు. కండ్లతోని చూడాలె."

అందుకే వైజాగ్ కంటే ముందు ఒక చిన్న ప్రయాణం చేద్దామంది. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకి. మెట్రోలో ఒక్క స్టేషన్. అక్కడ భోజనం చేసి వెనక్కి రావడం. తల్లికి అది వైజాగ్‌కి రిహార్సల్ అని చెప్పలేదు, ఆదివారం బయట తిందామని మాత్రం చెప్పింది.

ఆ ఆదివారం మేడం వాళ్లమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. నేను ఆమెని పెద్దమ్మా అని పిలిచాను. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. చేతులు మగవాళ్ల చేతుల్లా ఉన్నాయి. సంచిలో నీళ్ల సీసా, తువ్వాలు, మందులు, చిన్న గిన్నెలో పెరుగన్నం. "బయట తిండి పడకపోతే ఎట్ల బిడ్డా," అంది నాతో. మేడం స్కూటీని స్టేషన్ కింద నిలిపి వీల్‌చెయిర్‌లోకి మారుతుంటే పెద్దమ్మే ఎత్తింది.

ఫుట్‌పాత్ నిండా బైకులు. రోడ్డు అంచునే నెట్టుకుంటూ వెళ్లాం. పుచ్చకాయల బండి ఆయన మమ్మల్ని చూసి, అడక్కుండానే బండి వెనక్కి లాగాడు. లిఫ్టు దగ్గర కుర్రాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. "తమ్ముడూ, మీకు మెట్లున్నయి, మాకు ఇదొక్కటే ఉంది," అంది మేడం, నవ్వుతూనే. వాళ్లు సిగ్గుపడి తప్పుకున్నారు. ఒకడు బటన్ నొక్కి పట్టుకున్నాడు.

ప్లాట్‌ఫామ్ మీదికి రైలొచ్చింది. రైలుకీ గట్టుకీ మధ్య సందు చూసి పెద్దమ్మ రెండు చేతులూ చాచింది. మేడం కుర్చీని గిర్రున వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందు లోపలికి వెళ్లేట్టు, వీపు రైలు వైపు పెట్టి ఒక్క ఊపున ఎక్కేసింది. పెద్దమ్మ చేతులు అలాగే గాల్లో ఉన్నాయి. నేను ఆమె భుజం పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను.

తలుపులు మూసుకుని, రైలు కదిలి, కింద బస్సులూ హోర్డింగులూ ఆమె ఇంకా సరిగ్గా చూడకముందే ఆగింది. మేడం కుర్చీ తిప్పింది. "దిగుదాం అమ్మా. పంజాగుట్ట."

"గింతేనా?" అంది పెద్దమ్మ. ఆ గొంతులో ఎంత నిరాశ ఉందంటే మేడం చక్రాల మీద చేతులు ఆపేసింది. తలుపులు మూసుకున్నాయి. మేం దిగలేదు. ఎల్‌.బి.నగర్ దాకా వెళ్లాం. పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుని మేడల మీద ఆరేసిన బట్టలు, మసీదు గుమ్మటాలు, మూసీ చూస్తూ ఉంది. మధ్యలో ఒకసారి, "ఇండ్లన్ని పైనుంచి సూస్తె గిట్లుంటయా," అంది. అదే రైల్లో వెనక్కి వచ్చి పంజాగుట్టలో దిగేసరికి అందరికీ ఆకలి దంచేస్తోంది.

హోటల్లో గోడ పక్కన సోఫాలున్న టేబుల్ దొరికింది. వీల్‌చెయిర్ టేబుల్ కిందికి పోవడం లేదు. పెద్దమ్మ అలవాటుగా లేచి కొంగు నడుముకి దోపింది. మేడం తన సంచిలోంచి చెక్క పలక బయటికి తీసింది.

"అమ్మా, నువ్వు కూసో. జర నన్ను చూడు."

"ఏందది? వద్దు బిడ్డా. గీడ పడ్డవంటే..."

"పడను. కూసో."

పెద్దమ్మ కూర్చోలేదు, కానీ ముందుకీ రాలేదు. మేడం పలక అమర్చుకుని, నెమ్మదిగా, క్లినిక్‌లో చూసిన దానికంటే ఇంకా నెమ్మదిగా, సోఫాలోకి జరిగింది. నీళ్ల గ్లాసులు తెచ్చిన అతను ట్రే పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. మేడం చీర కుచ్చిళ్లు సర్దుకుని, పలక పక్కన పెట్టి, మెనూ తీసుకుంది.

పెద్దమ్మ కొంగు వదిలేసి ఎదురుగా కూర్చుంది.

"ఎప్పుడు నేర్చుకున్నవ్?"

"నాలుగు నెలలాయె."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె వద్దంటుంటివి."

పెద్దమ్మ ఆలోచించింది. "అంటుంటిని," అని ఒప్పుకుంది. బిరియానీ వచ్చింది. పెద్దమ్మ తినలేదు. కూతురి చేతుల వైపు చూస్తూ, తనలో తను అనుకున్నట్టే అడిగింది. "అయితే రేపటి సంది పొద్దుగాల లేచి నేనేం చెయ్యాలె?"

మేడం అన్నిటికీ ముందే ఆలోచించి పెట్టుకున్న మనిషి, ఈ ఒక్కటి ఆలోచించలేదు. టేబుల్ మీదుగా చేయి చాచి తల్లి చేయి పట్టుకుంది. నేను లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లాను. వచ్చేసరికి పెద్దమ్మ పెరుగన్నం గిన్నె మూత తీసి ముగ్గురికీ వడ్డిస్తోంది.

చలికాలంలో వైజాగ్ బయల్దేరాం. "నువ్వు సుత రా అక్కా," అని మేడం పిలిస్తే సెలవు పెట్టి నేనూ వెళ్లాను. పగటిపూట నడిచే రైల్లో చివరి పెట్టెలో వీల్‌చెయిర్‌కి చోటుంది. ముందే అడిగి పెట్టుకున్నాం కాబట్టి సికింద్రాబాద్‌లో ర్యాంపు తెచ్చి వేశారు. హోటల్ బాత్రూం తలుపు వీడియోలో చూసినట్టే ఉంది. ఆ మేనేజరే వచ్చి మమ్మల్ని గుర్తుపట్టి పలకరించాడు.

అరకు రైలు ఎక్కాక, మొదటి సొరంగం దాటగానే పెద్దమ్మ కిటికీ అద్దం చుట్టూ ఉన్న నల్ల రబ్బరు పట్టీ మీద వేలు పెట్టి నెమ్మదిగా నిమరడం మొదలుపెట్టింది. ఏంటి పెద్దమ్మా అని అడిగాను. "గిసొంటివే మేము కోసి, కట్టలు కట్టెటోళ్లం బిడ్డా, సనత్‌నగర్‌ల. రైలు పెట్టెలకు పోతయని చెప్పేటోళ్లు. ఏడ పెడతరో ఎన్నడూ సూడలే," అంది. ఆ సంగతి కూతురికి కూడా తెలియదు. తల్లి ఫ్యాక్టరీలో ఏం చేసేదో తనెప్పుడూ అడగలేదని మేడం నెమ్మదిగా అంది. ఆ తర్వాత లోయలూ, జలపాతాలూ ఎన్ని వచ్చినా పెద్దమ్మ వేలు ఆ పట్టీ మీదే ఉంది. చీకటి సొరంగం వచ్చినప్పుడల్లా కూతురి వైపు తిరిగి ఫ్యాక్టరీ కబురు ఇంకొకటి చెప్పేది.

అరకులో మాత్రం దెబ్బ తిన్నాం. గెస్ట్‌హౌస్ వాళ్లు మేం మాట్లాడిన తర్వాత వరండా ఎత్తు పెంచి కొత్త టైల్స్ వేయించారు. గుమ్మం ముందు మోకాలెత్తు మెట్టు లేచింది. ఆ మెట్టు వాళ్ల కంటికి ఆనలేదు, మాకు చెప్పాలని అసలే తట్టలేదు. ఓనరు నొచ్చుకుని, "ఇద్దరం పట్టుకుంటామమ్మా, ఒక్క నిమిషం," అన్నాడు. పెద్దమ్మ అప్పటికే చెప్పులు విడిచి ముందుకొచ్చింది.

"అమ్మా, ఆగు," అంది మేడం. ఓనరు వైపు తిరిగింది. "ఎత్తొద్దు అన్నా. మాకు టైం ఉంది. గా వెనక వడ్రంగి పని నడుస్తున్నట్టుంది, పెద్ద ప్లైవుడ్ చెక్క ఏమన్న ఉంటదా?"

ఉంది. మొదట వేసిన చెక్క మరీ నిటారుగా ఉంటే, ఇంకా పొడుగుది తెమ్మంది. అది మధ్యలో వంగితే కింద ఇటుకలు పెట్టించింది. ఓనరు, వడ్రంగి, నేను, ముగ్గురం ఆవిడ చెప్పినట్టు చేస్తున్నాం. చీకటి పడకముందే తేలిపోవాలని ఎవరికీ తొందర లేదు, ఆవిడకి అసలే లేదు. పెద్దమ్మకి ఎవరో టీ ఇచ్చారు. ఆమె వరండా గట్టు మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుని, టీ తాగుతూ, మేం పడే పాట్లు చూసింది. పెళ్లయిన కొత్తలో కూడా తను అలా కూర్చోలేదని తర్వాత నాతో చెప్పింది. మేడం చక్రాలు పట్టుకుని, ముందుకి వంగి, ఆ చెక్క మీదుగా ఎక్కి పైకి వచ్చింది. వడ్రంగి మేకులు దింపి ఆ చెక్కని అక్కడే ఉంచేశాడు. ఉంటేనే మంచిదన్నాడు ఓనరు.

తిరిగి వచ్చాక ఆవిడ సంగతి ఆ సందులో పాకింది. కాలు తీసేసిన ఒక రిటైర్డ్ ఆఫీసరు, చూపు లేని ఒక కొత్త పెళ్లికొడుకు, అలా ఒకరొకరే అడగడం మొదలుపెట్టారు. వాళ్ల ప్రయాణాలు మేడం, నేను కలిసి వేస్తాం. ఆవిడ హోటళ్లతో మాట్లాడే తీరు వింటుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఒక్కసారీ బతిమాలదు. ఒక్కసారీ గొంతు పెంచదు. కావలసింది విడమరిచి చెబుతుంది, అవతలివాళ్లు చూసుకుని వచ్చేదాకా లైన్లోనే ఉంటుంది. మెట్లెక్కలేనివాళ్ల కోసం మా ఆఫీసు యజమాని కూడా ఒక టేబుల్‌ని కింది అంతస్తుకి దింపించాడు.

మొన్న ఒక ఆదివారం ఏదో పనుండి బల్కంపేట వెళ్లి వాళ్లింటి తలుపు తట్టాను. "తీసే ఉంది అక్కా, రా," అంది లోపల్నుంచి. మేడం ఒక్కతే ఉంది. కుర్చీలోంచి అందేలా కిందికి అమర్చిన వంటగట్టు మీద స్టవ్, దాని మీద ఉప్మా.

"పెద్దమ్మ ఏరండీ?"

"యాదగిరిగుట్ట పోయింది, వాడకట్టు ఆడోళ్లతోని. రాత్రి ఆడనే ఉంటరట. పోయేటప్పుడు నన్ను అడగలే కూడా. పోతున్న అని చెప్పింది, సంచి తీస్కొని నడిచింది."

చెబుతూ ఆవిడ నవ్వుతోంది. పొద్దుటి నుంచి తల్లి ఫోన్ కూడా చేయలేదట. నాకొక ప్లేటు తీసి, ఉప్మా పెట్టి, పచ్చడి సీసా పైన అరలో ఉంది, అందుకొమ్మని చెప్పింది.